గ్రానైట్ దుమ్ముకీ కీళ్ల జబ్బుకీ సంబంధం ఉందా? ఉంది, అందుకే చేసే పనేంటో ముందు డాక్టర్‌కి చెప్పండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అన్నయ్యకి 38 ఏళ్లు, హైదరాబాద్ నాగోల్ వైపు ఒక గ్రానైట్ షాపులో పద్నాలుగేళ్లుగా కటింగ్, మోల్డింగ్ పని. ఏడాదిగా పొద్దున లేవగానే వేళ్లు ముడవలేకపోతున్నారు, చలికాలంలో వేళ్ల చివర్లు తెల్లబడుతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం. ఒక డాక్టర్ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని మందులు మొదలుపెట్టారు, ఎక్స్‌రేలో మచ్చలు చూసి ఇంకో డాక్టర్ టీబీ కావచ్చన్నారు. షాపు సేఠ్ మాత్రం "దుమ్ముకి దగ్గొస్తుంది గానీ కీళ్లెందుకు నొస్తాయి" అని నవ్వాడు. దుమ్ముకీ దీనికీ సంబంధం ఉందా, పని మానేయాలా, పరిహారం ఏమైనా వస్తుందా, అదే షాపులో చేస్తున్న మీ బాబాయి కొడుకు సంగతేంటి. ఇవీ మీ ప్రశ్నలు.

నేను రుమటాలజిస్టుని, అంటే కీళ్ల జబ్బుల డాక్టర్ని, కాదు. కార్ఖానాల వైద్యంలో ఏఎఫ్ఐహెచ్ కోర్సు చేసి, జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు వైపు యూనిట్లలో పనివాళ్లని చూస్తూ వస్తున్న డాక్టర్ని. మీ అన్నయ్య రిపోర్టులు చూడలేదు కాబట్టి ఆయన జబ్బు ఇదీ అని చెప్పను. దుమ్ము గురించి మాత్రం గట్టిగానే చెప్పగలను.

సేఠ్ చెప్పింది తప్పు. 1914లోనే ఎడిన్‌బరోలో బైరమ్ బ్రామ్‌వెల్ అనే డాక్టర్, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా జబ్బుతో తన దగ్గరికి వచ్చిన కొద్దిమందిలో రాళ్లు చెక్కేవాళ్లు ఎక్కువగా ఉండటం గమనించి రాశాడు. 1957లో ఎరాస్మస్ అనే డాక్టర్ దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో అదే చూశాడు, అందుకే సిలికా (రాయిలో, ఇసుకలో ఉండే పదార్థం) దుమ్ము పీల్చినవాళ్లకి వచ్చే స్క్లెరోడెర్మాని ఇప్పటికీ ఎరాస్మస్ సిండ్రోమ్ అంటారు. ఈ రెండింటి మధ్యలో, 1953లో, వేల్స్‌లో కాప్లాన్ అనే ఆయన రుమటాయిడ్ ఉన్న బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల్లో గుండ్రటి గడ్డలు చూశాడు. రుమటాయిడ్, స్క్లెరోడెర్మా, చర్మం, కీళ్లు, కిడ్నీల మీద పడే లూపస్, చిన్న రక్తనాళాలు వాచి కిడ్నీలని దెబ్బతీసే యాంకా వాస్క్యులైటిస్, ఈ నాలుగింటికీ సిలికాతో లంకె ఉందని ఆ తర్వాత దేశదేశాల్లో అధ్యయనాలు వచ్చాయి. స్క్లెరోడెర్మాకైతే దుమ్ములో పనిచేసిన మగవాళ్లకి ముప్పు సుమారు మూడు రెట్లు. డెన్మార్క్‌లో 1979 నుంచి 2015 దాకా పనిలో చేరినవాళ్ల రికార్డులన్నీ కలిపి చూస్తే, ఎంత ఎక్కువ సిలికా పీలిస్తే ఈ జబ్బులు అంత ఎక్కువగా కనిపించాయి. దుమ్ము మోతాదుతో పాటు జబ్బూ పెరుగుతోందంటే, ఏదో కాకతాళీయంగా కలిసొచ్చింది అని కొట్టిపారేయడం కష్టం.

సిగరెట్ గురించి మీరేం రాయలేదు. ఆయనకి అలవాటుందా? స్వీడన్‌లో ఒక అధ్యయనంలో, సిలికా పీలుస్తూ పొగ కూడా తాగే మగవాళ్లకి యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పాజిటివ్‌గా ఉండే రకం రుమటాయిడ్ ముప్పు, ఆ రెండూ లేనివాళ్లతో పోలిస్తే 7 రెట్లకి పైగా తేలింది. రెండు ముప్పుల్నీ విడివిడిగా లెక్కేసి కలిపితే వచ్చేదానికన్నా అది ఎక్కువ. బీడీ అయినా సిగరెట్ అయినా ఈ రోజే మానేయమనండి, ఇది బతిమాలే విషయం కాదు.

ఇక కీళ్లెందుకు నొస్తాయి అనే సంగతి. రాయిని కోసినప్పుడు కంటికి కనిపించే దుబ్బ ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, చీదితే, ఉమ్మితే పోతుంది. కంటికి కనిపించని నాలుగైదు మైక్రాన్లలోపు రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్తాయి. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, పోల్చి చూసుకోండి. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ అనే కణం ఆ రేణువుని మింగుతుంది. బ్యాక్టీరియా అయితే అరిగించుకునేది, క్వార్ట్జ్‌ని, అంటే రాయిలో గట్టి స్ఫటికంగా ఉండే సిలికాని, అరిగించుకోలేదు. రేణువు లోపలి సంచిని చీల్చేస్తుంది, కణం వాపు రసాయనాలు కక్కుతూ చచ్చిపోతుంది, రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి దాన్ని మింగుతుంది. ఈ తంతు ఏళ్ల తరబడి ఆగదు. చచ్చిన కణాల లోపలి సరుకు, అంటే డీఎన్‌ఏ, ప్రొటీన్లు, రోగనిరోధక వ్యవస్థ ముందు పడుతూనే ఉంటాయి. కొందరిలో అది వాటినే శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేయడం మొదలుపెడుతుంది. యుద్ధం మొదలైంది ఊపిరితిత్తుల్లో, కానీ యాంటీబాడీలు రక్తంలో తిరుగుతాయి కదా, వేలి కణుపుల దగ్గర, చర్మంలో, కిడ్నీలో ఎక్కడైనా దిగొచ్చు. అప్పుడే పగిలిన రాయి దుమ్ము పాత దుమ్ముకన్నా ఎక్కువ చురుగ్గా ఉంటుంది, గ్రైండర్ దగ్గర కూర్చున్న మనిషి పీల్చేది సరిగ్గా ఆ తాజా దుమ్మునే.

ఇంకో సంగతి చాలామంది డాక్టర్లకీ గుర్తుండదు. ఈ జబ్బులు రావడానికి ముందు సిలికోసిస్, అంటే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తుల్లో మచ్చలు పడి గట్టిపడే జబ్బు, రావాలని రూలేం లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నవాళ్లకీ వస్తాయి. పని మానేసిన చాలా ఏళ్లకి కూడా రావచ్చు. అందుకే నేను ఎవరినీ "ఇప్పుడేం చేస్తున్నావు" అని మాత్రమే అడగను, "పద్దెనిమిదేళ్ల వయసు నుంచి ఏమేం చేశావు" అని అడుగుతాను. ఇప్పుడు ఆటో నడుపుతున్నాననే మనిషి అంతకుముందు ఎనిమిదేళ్లు క్రషర్‌లో చేసి ఉంటాడు, మనం అడగం, ఆయన చెప్పడు.

మీ అన్నయ్య షాపు నేను చూడలేదు గానీ అలాంటివి చాలా చూశాను. పెద్ద కటింగ్ మిషన్ మీద నీళ్లు పడుతుంటాయి, అక్కడ దుమ్ము కాస్త తక్కువే. అసలు గొడవ పక్కన రేకుల షెడ్డు కింద. సింక్ కోసం రంధ్రం కోయడం, అంచులు గుండ్రంగా తిప్పే మోల్డింగ్, అవన్నీ చేతి గ్రైండర్‌తో పొడిగా చేస్తారు. కుర్రాడు బండ మీదికి వంగి కూర్చుంటాడు, మూతికి దస్తీ కట్టి ఉంటుంది, కనుబొమ్మలు తెల్లగా ముసలాయన కనుబొమ్మల్లా అయిపోయి ఉంటాయి. సాయంత్రం రేకుల సందులోంచి ఎండ ఏటవాలుగా పడితే ఆ గీత పొడవునా దుమ్ము తేలుతూ కనిపిస్తుంది, అది కూడా పెద్ద రేణువులే, ప్రాణం తీసేవి ఆ ఎండలోనూ కనిపించవు. పని అయ్యాక కంప్రెసర్ పైపు తీసుకుని ఒకరి బట్టలు ఒకరు ఊదుకుంటారు. ఆ రెండు నిమిషాల్లో పీల్చేది తక్కువేం కాదు.

దస్తీ, సర్జికల్ మాస్కు ఈ రేణువుల్ని ఆపవు. ఇది చెప్తే "మరి ఇన్నాళ్లూ కట్టుకున్నా కదా సార్" అంటారు. ముక్కులో నల్లగా పేరుకోకుండా ఆపింది, అంతే.

ఏ రాయి అన్నది కూడా ముఖ్యం. గ్రానైట్‌లో క్వార్ట్జ్ సుమారు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది, మన కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటివన్నీ ఆ కోవే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని అందరూ గ్రానైట్ అనే అమ్ముతారు గానీ అది గాబ్రో జాతి రాయి, దానిలో క్వార్ట్జ్ చాలా తక్కువ. మార్బుల్ సున్నపురాయి కుటుంబం, దానిలోనూ తక్కువే. అన్నిటికన్నా ప్రమాదం ఇప్పుడు కోకాపేట, నార్సింగి ఫ్లాట్ల మాడ్యులర్ కిచెన్లకి వేస్తున్న క్వార్ట్జ్ స్లాబు. అది కొండలోంచి తీసిన రాయి కాదు, రాతి పొడిని రెజిన్‌తో అతికించి చేసింది, మామూలు రకాల్లో 90 శాతం పైన సిలికానే. దానితో పనిచేసిన కుర్రాళ్లకి కొద్ది ఏళ్లలోనే సిలికోసిస్ ముదిరిపోతోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని పూర్తిగా నిషేధించింది. మీ అన్నయ్య షాపుకి ఈ స్లాబులు వస్తున్నాయా, ఎప్పటి నుంచి వస్తున్నాయి, కనుక్కోండి. రాతి షాపులే కాదు, రోబో శాండ్ క్రషర్లు, బోర్‌వెల్ బండ్లు, ఫౌండ్రీల్లో పోత అచ్చు పగలగొట్టే చోటు, కరెంటు పైపుల కోసం గోడ కోసేవాళ్లు, వీళ్లందరిదీ ఇదే కథ.

ఎంత దుమ్ము ఎక్కువ? అమెరికాలో ఎనిమిది గంటల షిఫ్టు సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల సిలికా దాటకూడదని 2016లో రూల్ తెచ్చారు. షిఫ్టులో మనిషి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు, అంటే రోజుకి అర మిల్లీగ్రాము, చిటికెడు ఉప్పులో సుమారు వెయ్యో వంతు. మన పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో వేరే లెక్క ఉండేది: 10ని, దుమ్ములోని క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి దానితో భాగించాలి. 30 శాతం క్వార్ట్జ్ ఉన్న గ్రానైట్‌కి ఇది 0.31 మిల్లీగ్రాముల దుమ్ము అవుతుంది, అందులో సిలికా వంద మైక్రోగ్రాములకి కాస్త తక్కువ, అంటే అమెరికా పరిమితికి దాదాపు రెట్టింపు. పొడిగా గ్రైండర్ పెడితే ఈ రెండు అంకెల్నీ ఎప్పుడో దాటేస్తుంది, ఆ షెడ్లలో కొలిచే నాథుడు లేడు.

ఇప్పుడు మీ అన్నయ్య దగ్గరికి వద్దాం, ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

చలికి వేళ్లు తెల్లబడటం రెండు రకాలుగా వస్తుంది. స్క్లెరోడెర్మాలో మొదటి సూచన చాలాసార్లు అదే. కానీ ఏళ్ల తరబడి గ్రైండర్, బ్రేకర్ పట్టుకున్న చేతికి ఆ వణుకు వల్ల కూడా వేళ్లు తెల్లబడతాయి, అది విడిగా ఇంకో వృత్తి జబ్బు. రెండోదైతే సాధారణంగా మిషన్ గట్టిగా పట్టుకునే చేతిలో ఎక్కువ, కాళ్ల వేళ్లకి అంతగా రాదు, సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీల కోసం చేసే ఏఎన్‌ఏ టెస్టు ఎక్కువగా మామూలుగా ఉంటుంది. వేళ్లు ఉబ్బి, పై చర్మాన్ని చిటికెతో పట్టుకుందామన్నా పట్టు దొరకనంత బిగుసుకుంటే, మింగడం కష్టమైతే, వేలి చివర పుండ్లు పడితే మొదటిదే అనుమానించాలి. ఆయన చేతి వేళ్ల వెనక చర్మం మీరే పట్టుకుని చూడండి, తర్వాత మీ వేళ్లు చూసుకోండి, తేడా ఉంటే తెలిసిపోతుంది. రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు కూడా. రుమటాయిడ్ అని పేరు పెట్టారు కదా అని ఈ తెల్లబడటం సంగతి వదిలేయకండి, అది ఆ డాక్టర్‌కి చెప్పారో లేదో మీ మాటల్లో నాకు తెలియలేదు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే స్టెరాయిడ్ వల్ల. కీళ్ల నొప్పికి గల్లీలో ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా ఇంజెక్షన్, మెడికల్ షాపులో ప్రెడ్నిసోలోన్ చాలా తేలిగ్గా దొరుకుతాయి, రెండు రోజుల్లో మనిషి లేచి తిరుగుతాడు, దాంతో అదే అలవాటవుతుంది. స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లలో రోజుకి 15 మిల్లీగ్రాములు దాటిన ప్రెడ్నిసోలోన్ కిడ్నీలని ఒక్కసారిగా దెబ్బతీసే ప్రమాదాన్ని పెంచుతుంది. బీపీ ఉన్నట్టుండి పెరిగి, తలనొప్పి, చూపు మసకబారడం, మూత్రం తగ్గడం ఉంటే ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇంట్లో బీపీ మిషన్ ఒకటి పెట్టుకోండి. అలాగని ఇప్పటికే వాడుతున్న స్టెరాయిడ్‌ని నా మాట చదివి టక్కున ఆపకండి, అది ఇంకో ప్రమాదం, డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి.

రెండో చిక్కు టీబీ. సిలికోసిస్ మచ్చలూ టీబీ మచ్చలూ ఊపిరితిత్తుల పైభాగంలోనే ఎక్కువగా కనిపిస్తాయి, అందుకని మన దగ్గర రాతి పనివాళ్లు టీబీ లేకుండానే ఒకటికి రెండు కోర్సులు మందులు మింగిన సందర్భాలు కొల్లలు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. సిలికా పీల్చినవాళ్లకి నిజంగానే టీబీ ముప్పు ఎక్కువ, ఎందుకంటే టీబీ క్రిమిని మింగి చంపాల్సింది కూడా ఆ మాక్రోఫేజ్ కణాలే. అలాంటి మనిషికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, ముఖ్యంగా బయలాజికల్ ఇంజెక్షన్లు, టీబీ చూడకుండా మొదలుపెడితే లోపల నిద్రపోతున్న క్రిమి లేస్తుంది. కాబట్టి కళ్లెలో టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ టెస్టు చేయించాలి, ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఉచితం. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. నిమ్స్‌లో రుమటాలజీ, పల్మనాలజీ రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి కాబట్టి మీలాంటి కేసుకి అక్కడ తిరగడం తగ్గుతుంది. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా రెండు జబ్బులు చెప్పారు, రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద పెట్టించడమే ఇప్పుడు మీ పని.

టెస్టుల పేర్లు: సీబీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఇమ్యునోఫ్లోరసెన్స్ పద్ధతిలో ఏఎన్‌ఏ, అది పాజిటివ్ అయితే ప్రొఫైల్, క్రియాటినిన్, సీయూఈ (మూత్ర పరీక్ష), హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల స్కాన్), పీఎఫ్‌టీ (ఊపిరి ఊదించి చూసే పరీక్ష), దానితో పాటు డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చూసేది), టూడీ ఎకో. అన్నీ డాక్టర్ రాస్తేనే చేయించండి. సీయూఈ వంద, రెండొందల టెస్టు అని తీసిపారేస్తారు, మూత్రంలో ప్రొటీన్, రక్తం కనిపిస్తే కిడ్నీ గురించి అందరికన్నా ముందు చెప్పేది అదే. ఏఎన్‌ఏ మాత్రం లక్షణాలేం లేనివాళ్లకి చేయించొద్దు. సిలికా పనివాళ్లలో జబ్బు లేకుండానే అది పాజిటివ్ రావచ్చు, ఊరికే టెన్షన్.

వీటన్నిటికన్నా ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఆయన చేసిన పనుల చిట్టా రాయించండి. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ రాయి, పొడిగానా నీళ్లతోనా, రోజుకి ఎన్ని గంటలు, మూతికి ఏం కట్టుకునేవాడు, పక్కన పనిచేసినవాళ్లలో ఎవరికైనా దగ్గు, టీబీ ఉన్నాయా. దాన్ని డాక్టర్‌కి ఇచ్చి, "సిలికా దుమ్ములో ఇన్నేళ్లు పని" అని ఓపీ చీటీ మీద రాయమని అడగండి. అడిగితే రాస్తారు. మన ఓపీల్లో మనిషికి మూడు నిమిషాలు దొరుకుతాయి, వృత్తి అనే గడిలో "కూలి" అని పడుతుంది, అంతటితో సరి. మగ మనిషి, 38 ఏళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బు (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడేది) అన్నప్పుడే పని గురించి అడగాలి నిజానికి, ఈ జబ్బుల్లో చాలావాటికి ఆడవాళ్లే ఎక్కువ కదా.

పని మానాలా? ఆ పని మానాలి. మోల్డింగ్, పొడి కటింగ్ దగ్గర ఇక కూర్చోకూడదు, మాస్కు పెట్టుకుని కూడా. లోపల చేరిన రేణువులు ఎటూ బయటికి రావు, పైగా కొత్తవి వేసుకుంటూ మందులు వాడటం గుచ్చుకున్న ముల్లు తీయకుండా పైన పసుపు రాసినట్టు. ఇల్లు గడవాలి, నాకు తెలుసు. పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న మనిషికి కొలతలు తీసుకోవడం, సైట్‌లో మార్కింగ్, కస్టమర్లతో మాట్లాడటం, లోడింగ్ లెక్కలు, ఇవన్నీ షాపులోనే షెడ్డుకి దూరంగా ఉండే పనులు, సేఠ్‌తో ఆ మాట మాట్లాడండి. జీతం కొంచెం తగ్గినా నయమే.

పరిహారం విషయంలో ఆశ పెట్టను. సిలికోసిస్ మన చట్టాల్లో ఉంది: పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ మూడో షెడ్యూల్‌లో ఉంది కాబట్టి చూసిన డాక్టర్ ప్రభుత్వానికి తెలపాలి. పాత ఉద్యోగుల పరిహార చట్టంలో, ఈఎస్‌ఐ చట్టంలో వృత్తి జబ్బుగా ఉండేది, 2025 నవంబరులో వాటి స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. సిలికా వల్ల వచ్చిన రుమటాయిడ్, స్క్లెరోడెర్మా అని మాత్రం మన షెడ్యూళ్లలో విడిగా లేదు. దక్షిణాఫ్రికా గని కార్మికుల చట్టం స్క్లెరోడెర్మాని చేర్చుకుంది, మనం చేర్చుకోలేదు. అంచేత హెచ్‌ఆర్‌సీటీలో సిలికోసిస్ తేలితే మీ దారి దాని మీదుగానే. ఆయనకి ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి నుంచి మొదలుపెట్టండి. జీతం 21,000 లోపు ఉండి, షాపులో పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేస్తూ ఉంటే కార్డు ఉండాలి, లేకపోతే ఎందుకు లేదని కార్మిక శాఖలో అడగొచ్చు. పాత జీతం చీటీలు, ఫోన్‌పేలో సేఠ్ వేసిన డబ్బుల స్క్రీన్‌షాట్లు, షాపులో దిగిన ఫొటోలు, అన్నీ దాచిపెట్టండి, గొడవ పడకముందే. తర్వాత "వీడెవడో నాకు తెలియదు" అంటారు.

మీ బాబాయి కొడుకు ఇంకా చిన్నవాడు, లక్షణాలేం లేవన్నారు. ఛాతీ ఎక్స్‌రే, పీఎఫ్‌టీ ఇప్పుడొకసారి చేయించి ఆ ఫిల్మ్ జాగ్రత్తగా పెట్టుకోమనండి, తర్వాత ఏటా తీసేవాటితో పోల్చడానికి అదే ఆధారం. షాపులో నీళ్లతో కోసే గ్రైండర్ అడగాలి. మామూలు కరెంటు గ్రైండర్ మీద బాటిల్‌తో నీళ్లు పోయించడం కాదు, షాక్ కొట్టి పోతారు. గాలితో నడిచే గ్రైండర్ గానీ, నీళ్ల కోసమే తయారైనది, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ బిగించి గానీ వాడాలి. లేదా బ్లేడు చుట్టూ తొడుగు వేసి సన్న రేణువుల్నీ పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ తగిలించాలి. కింద పారిన బురద ఎండితే మళ్లీ అదే దుమ్ము, కాబట్టి తడిగా ఉన్నప్పుడే ఎత్తేయాలి, చీపురుతో పొడిగా ఊడ్వకూడదు, కంప్రెసర్‌తో బట్టలు ఊదుకోవడం ఈ రోజు నుంచే బంద్. మాస్కు ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ 2 అయినా ఉండాలి, గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది, గీసుకోవాలి. క్వార్ట్జ్ స్లాబు పొడిగా కోయమంటే మాత్రం ఆ రోజు కూలి పోయినా కోయొద్దని చెప్పండి. పని బట్టలు షాపులోనే విప్పి, సంచిలో వేసి తెచ్చి విడిగా తడిపి ఉతకాలి, ఇంట్లో పిల్లలున్నారని రాశారు కదా.

సీయూఈ, క్రియాటినిన్, హెచ్‌ఆర్‌సీటీ రిపోర్టులు వచ్చాక పేరు కనిపించకుండా చేసి పెట్టండి, బీపీ ఎంతుందో, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలో స్టెరాయిడ్ ఉందో లేదో కూడా రాయండి.